మస్కట్‌లో కొన్న చెవి

"అన్నా, మస్కట్‌ల కొన్నదానికి గిక్కడ వారంటీ నడుస్తదా?"

మౌనిక ఈ మాట అడిగేసరికి నేను మా టెంట్‌హౌస్ ముందు కూర్చుని ప్లాస్టిక్ కుర్చీలు కడుగుతున్నాను. నిజం చెప్పాలంటే నాకు భలే సంతోషమైంది. దంతాలపల్లిలో ఎన్నో ఏళ్ళుగా షామియానాలు, మైకుసెట్లు కిరాయికిస్తున్నాను. కుర్చీలు ఎప్పుడు పంపిస్తావు, విరిగిన కుర్చీ మాకెందుకిచ్చావు అని అడిగేవాళ్ళే తప్ప ఇంత మంచి ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఏదైనా కొంటే అందరూ పెట్టెలోంచి ముందు వస్తువును తీస్తారు. నేను కాగితాన్ని తీస్తాను. వారంటీ కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవందే నాకు అన్నం సయించదు. మా ఆంప్లిఫయర్‌తో వచ్చిన కాగితంలో వరదల వల్ల, యుద్ధం వల్ల, ఎలుకల వల్ల పాడైతే కంపెనీకి సంబంధం లేదని రాసి ఉంది. యుద్ధం సరే, అంత పెద్ద కంపెనీలో కూర్చుని ఎలుకను గుర్తుపెట్టుకున్న మనిషి ఎవరా అని చాలా రోజులు ఆలోచించాను. మా ఆవిడ కల్పనకు ఇదంతా తమాషా. "ఈయనకు సామాను అక్కర లేదు, కాగితం ఇస్తే సాలు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మౌనిక మా ఊరి పక్క తండా పిల్ల. నర్సింగ్ చదివి మస్కట్‌లో ఒక దవాఖానలో పనిచేస్తోంది. బాబాయి కూతురు చాందీ పెళ్ళికని సెలవు మీద వచ్చింది. ఆ పెళ్ళికి టెంటూ మైకూ నావే. ఆమె చేతిలో చిన్న తెల్లడబ్బా, అందులో చిక్కుడుగింజంత చెవి మిషను ఉన్నాయి. అది వాళ్ళ నాయనమ్మ గంగి కోసం తెచ్చింది.

"తెచ్చిన కొత్తల మంచిగ పనిచేసింది అన్నా. వారం కాంగనే బందైంది. ఇప్పుడేం జెయ్యాల్నో తెలుస్తలేదు. నేను మల్ల మస్కట్ పోయేది పెండ్లి అయినంక. అప్పటిదాంక దాదీకి ఇనపడకపోతే ఎట్ల?"

ఆ 'ఎట్ల' ఎంత పెద్దదో నాకు తెలుసు. లంబాడీ పెళ్ళిలో పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఢావ్లో అని ఒకటుంటుంది. పెళ్ళికూతురు తల్లినీ తండ్రినీ అన్నదమ్ములనూ ఒక్కొక్కరినే మెడ పట్టుకుని, ఏడుస్తూనే పాడుతుంది. ఏడుపు ఎవరికైనా వస్తుంది, పాట మాత్రం నేర్చుకోవాలి. ఆ తండాలో ఎన్నో ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకు అది నేర్పింది గంగి. చెవులు పోయాక నేర్పడం ఆగిపోయింది. తను పాడగలదు, కానీ పిల్ల తిరిగి పాడింది సరిగా ఉందో లేదో వినబడకపోతే ఏం నేర్పుతుంది? ఈమధ్య పెళ్ళిళ్ళలో ఎవరో పాడి ఫోన్లో పెట్టినదాన్ని నా స్పీకర్లోంచే వేస్తున్నారు. స్పీకర్ ఏడుస్తుంటే పెళ్ళికూతురు పక్కన ఊరకే నిలబడుతుంది. వేసేవాణ్ని నేనే కాబట్టి చెబుతున్నాను, అది చూడటానికి చాలా ఇబ్బందిగా ఉంటుంది.

చాందీ మాత్రం స్పీకర్ వద్దని పట్టుబట్టింది. డిగ్రీ చదివిన పిల్ల. "నా ఏడుపు నేనే ఏడుస్త, దాదీ నేర్పితెనే పెండ్లి" అంది. మౌనిక చెవి మిషను తెచ్చింది కూడా అందుకే. పాఠం మొదలై సగంలో ఉండగా మిషను మూగబోయింది.

నేను చేతులు తుడుచుకుని కాగితం తీశాను. ఒకపక్క అరబ్బీ, ఒకపక్క ఇంగ్లీషు. 'అంతర్జాతీయ వారంటీ' అని పైన పెద్ద అక్షరాలున్నాయి. చూశావా నడుస్తది అనబోయి కిందికి చదివాను. కింద చిన్న అక్షరాల్లో, మిషను లోపలి భాగాల్లో తయారీ లోపముంటే ఏ దేశంలోనైనా చూస్తారనీ, చెవికి సరిపడేలా అమర్చడం, మార్చడం, తిరిగి సరిచేయడం మాత్రం అమ్మిన దుకాణం పనేననీ, ఇంకెవరైనా దాన్ని ముట్టుకుంటే ఏ వారంటీ ఉండదనీ ఉంది. పైన ఇచ్చిందంతా కింద వెనక్కి తీసుకున్నారు. అయినా నాకు కోపం రాలేదు, ఇంకా తెలుసుకోవాలనిపించింది.

మన దేశపు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మిషను నంబరు చెప్పమంది, చెప్పాక "ఈ నంబరు మా దగ్గర లేదు సార్" అంది. వస్తువు నా చేతిలోనే ఉంది కదమ్మా అంటే, ఉండొచ్చు సార్ కానీ మా లెక్కలో లేదంది. మస్కట్ దుకాణానికి మౌనిక ఫోన్ చేసింది. అక్కడివాళ్ళు చాలా మర్యాదగా, వారంటీ ఇంకా ఉంది, తీసుకురండి చూస్తాం అన్నారు. అంటే మాట ఉంది, అయితే సముద్రానికి అవతల ఉంది.

ఈ సంగతి ఇంట్లో చెబితే కల్పన పెదవి విరిచింది. "సముద్రం దాక ఎందుకు. మా నాయిన భూపాలపల్లిల కొనిచ్చిన మిక్సీ మానుకోట షాపుల ముట్టుకోలే. కొన్నకాడికే పొమ్మన్నడు. జిల్లా దాటితెనే నడవనిది దేశం దాటితె నడుస్తదా?" అంది.

మైకు వైర్లు కొనడానికి ఎలాగూ జనగామ వెళ్ళాలి. అక్కడ స్టేషన్ రోడ్డులో చెవి మిషన్ల దుకాణం ఒకటుంది. అదే కంపెనీ బోర్డు వేలాడుతుంటుంది. గంగినీ మౌనికనూ తీసుకుని బస్సెక్కాను. రాంజీ కూడా వచ్చాడు. రాంజీ అంటే గంగి భర్త. ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఒకప్పుడు బాగానే మాట్లాడేవాడట. భార్యకు చెవులు పోయాక అరిచి చెప్పలేక ఒక్కొక్క మాటే తగ్గించుకుంటూ వచ్చి, ఇప్పుడు ఇంట్లో దాదాపు మూగవాడయ్యాడని మౌనిక చెప్పింది.

దుకాణం మహీధర్ అనే కుర్రాడిది. మంచివాడు, ఓపికస్తుడు. పరీక్ష చేసే గది మా ఇంటి బాత్రూమంత ఉంది, అందులో ఒక్కరే పట్టేది. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్ పెట్టాలి, తలకున్నవన్నీ తీసి పెట్టుకోమన్నాడు. గంగి తల నుంచి రెండు చెంపల పక్కకూ టోప్లీలు వేలాడుతుంటాయి. అవి జడపాయలకు కట్టుకునే గుమ్మటాల్లాంటి వెండి నగలు, కింద చిన్న మువ్వలు. మొగుడు బతికున్న లంబాడీ ఆడది వాటిని తియ్యదు. గంగి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా తీసి కొంగుకు ముడేసుకుని, తలమీద ముసుగు గట్టిగా కప్పుకున్నాకే పరీక్షకు కూర్చుంది.

పరీక్ష అయింది. మిషను పెట్టి చూశారు. శుభ్రంగా పనిచేస్తోంది.

"ఇందులో ఏ ఖరాబు లేదండీ" అన్నాడు మహీధర్.

"మరి ఇంటికాడ ఎందుకు పనిచేస్తలేదు?" అంది మౌనిక. గంగి తన బాధ తను చెప్పింది. "చెవుల గంట కొట్టినట్టు టింగు టింగుమంటది బిడ్డా. గంతే, ఇగ సప్పుడు బందు." మహీధర్ అది బ్యాటరీ అయిపోయేటప్పటి మోత కావచ్చన్నాడు. కొత్త బ్యాటరీ వేశాడు.

నేను ఊరుకుంటానా? దేశం దాటితే మాట ఎందుకు చెల్లదో చెప్పమని కూర్చున్నాను. అతను విసుక్కోకుండా చెప్పాడు. పేరు ఒకటే అయినా ఒక్కో దేశంలో అమ్మేది ఒక్కో కంపెనీ అట. మస్కట్‌లో కట్టిన ధరలో మస్కట్ మనిషి చెయ్యాల్సిన పని కలిసి ఉంటుంది, జనగామ మనిషిది ఉండదు. లాప్‌టాప్‌ల వంటి కొన్నిటికి ఏ దేశంలోనైనా చేస్తారు. ఫోన్లకు చాలావాటికి చెయ్యరు. చెవి మిషన్లలో ఇంకో తిరకాసుంది, అమ్మినవాళ్ళు కంప్యూటర్‌లో దానికి తాళం వేసుకుంటారు. "నేను విప్పాలన్నా విప్పరాదు. వాళ్ళు విప్పితేనే" అన్నాడు.

"వస్తువు ఒకటే, చెవి ఒకటే, కంపెనీ పేరు ఒకటే. మాటొక్కటే వేరన్నమాట" అన్నాను.

"మాట ఇచ్చిన మనిషి వేరు కదండీ" అన్నాడు మహీధర్. ఇది ఏ కాగితంలోనూ రాయలేదు. బస్సులో దాన్నే నెమరేసుకుంటూ వచ్చాను.

తిరుగు ప్రయాణంలో గంగి సంతోషం చూడాలి. ముసుగు కిందనుంచి అన్నీ వింటోంది. పాలకుర్తిలో ఎక్కిన ఆడవాళ్ళు కోడలి మీద చాడీలు చెప్పుకుంటుంటే నవ్వు ఆపుకోలేకపోయింది. తొర్రూరులో దిగేటప్పుడు "డ్రైవరుకు దగ్గు పట్టింది, పసుపు పాలు తాగుమని చెప్పు" అంది నాతో. రాంజీ పక్కసీట్లో కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

తెల్లారి తండా నుంచి ఫోన్. మిషను మళ్ళీ పనిచెయ్యడం లేదు.

వెళ్ళాను. గంగి టోప్లీలు పెట్టుకుని గడపలో దిగాలుగా కూర్చుంది. కొత్త బ్యాటరీ ఉండనే ఉంది. రాంజీ చాలా ఆలోచించి ఒక మాట అన్నాడు. "జనగామల సిగ్నల్ ఉంటది. ఈడ టవర్ లేదు." అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక దేశం ఫోన్ ఇంకో దేశంలో సిమ్ వేస్తే పనిచెయ్యకుండా తాళం వేస్తారని విన్నాను. చెవికి వెయ్యకూడదని ఎక్కడుంది? అలా అనుకుంటే జనగామ కూడా ఇండియాలోనే ఉంది కదా. ఏ కాగితమూ చదవకుండా రాంజీ చెప్పింది, అన్నీ చదివి నేను అనుకున్నదీ ఒకే రకంగా తప్పుగా ఉన్నాయి. ఒకటి మాత్రం ఖాయం. జనగామలో ఉండి తండాలో లేనిదో, తండాలో ఉండి జనగామలో లేనిదో ఏదో ఒకటి ఉంది.

పెళ్ళి దగ్గరపడింది. చాందీ కళ్ళ కింద నలుపు చూస్తే జాలేసింది. పెళ్ళికొడుకుది భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గర తండా. "ఆళ్ళ తండల ఆడోళ్ళకు ఇంకా ఢావ్లో వస్తదట అన్నా. నాకు రాకపోతే మా తండ ఇజ్జతి పోతది. ఇజ్జతి అటుంచు, మా దాదీని పట్టుకోని నేనేం పాడాలె?" అంది. ఆ పిల్ల తల్లి నన్ను పక్కకు పిలిచి, ఎందుకైనా మంచిది, ఫోన్‌ల పాట పెట్టుకొని ఉండమంది. సరే అన్నాను కానీ నాకు మనసొప్పలేదు.

పెళ్ళికి ముందు టెంటు ఇనుప పైపులు దింపడానికి ట్రాలీతో తండాకు వెళ్ళాను. ఒక పైపు వాకిట్లో పాతి చూస్తున్నాను, కొలత సరిపోతుందా అని. గంగి ఆ నీడకు వచ్చి పైపు పక్కన కూర్చుంది. ఏదో పాడుకుంటూ తల పక్కకు వాల్చింది. 'టక్' మని చప్పుడైంది. ఆమె కుడివైపు టోప్లి పైపుకు అతుక్కుపోయింది.

గంగి తల లాక్కుంటే రాలేదు. ఇంకోసారి లాగితే టోప్లితో పాటు చిన్న వెంట్రుకల పాయ కూడా వచ్చేలా ఉంది. పిల్లలు నవ్వారు. గంగి రెండు చేతులతో తల కప్పుకుంది. నేను మాత్రం నవ్వడం మరిచిపోయి దగ్గరికి వెళ్ళాను. వెండి ఇనుముకు అతుక్కోదు కదా.

మెల్లగా విడదీసి చూస్తే టోప్లి వెనక చిన్న గుడ్డలో కుట్టిన గుండ్రటి అయస్కాంతం బిళ్ళ ఉంది. దానికి జోడీ జుట్టు కింద ఉంది. రెండూ మధ్యలో వెంట్రుకల్ని పట్టుకుని టోప్లిని నిలబెడుతున్నాయి.

"ఇవి యాడియి దాదీ?" అని మౌనిక సైగ చేసి అడిగింది. గంగి తలవంచుకుని, మౌనిక మస్కట్ నుంచి తెచ్చిన హ్యాండ్‌బ్యాగును ఇంట్లోంచి తెచ్చి చూపించింది. మూత దగ్గర, అరల దగ్గర ఉండే అయస్కాంతం బటన్లన్నీ కోసేసి ఉన్నాయి. వయసు మీదపడి జుట్టు పలచబడింది. దారంతో కడితే దారంతో పాటు జుట్టే ఊడొస్తోంది. ఓసారి బోరింగు దగ్గర టోప్లి జారి బురదలో పడింది. ఎవరూ చూడలేదు. ఆ రాత్రే ఆమె ఆ ఉపాయం చేసుకుంది. జుట్టు పోయిందని నలుగురికీ తెలియడం ఆమెకు ఇష్టం లేదు, ముఖ్యంగా రాంజీకి.

నాకు జనగామ గది గుర్తొచ్చింది. తలుపు వేసుకుని తీసి కొంగుకు ముడేసుకుంది కదా. వెంటనే మహీధర్‌కు ఫోన్ చేశాను. అయస్కాంతం అనగానే అతను నవ్వేశాడు. "అయ్యో, అదా. ఆ మిషను దగ్గరికి అయస్కాంతం వస్తే ఫోన్ వచ్చిందనుకుంటుందండీ. బయటి శబ్దం ఆపేసి ఫోన్ మాట కోసం చూస్తుంది. టింగు టింగు అంటే అదే." వెండి మువ్వల నగను మస్కట్ మిషను టెలిఫోన్ అనుకుంది. గంగికి రోజంతా ఒకే ఫోన్ వస్తున్నట్టు, ఎవరూ మాట్లాడనట్టు. చెవీ బ్యాగూ ఒకే సూట్‌కేసులో వచ్చాయి, ఒకదాన్నొకటి పనిచెయ్యనివ్వలేదు.

మౌనిక రెండు టోప్లీలూ తీసి పక్కన పెట్టి, మిషను గంగి చెవికి పెట్టింది. అంతలో వెనక నిలబడ్డ రాంజీ తనలో తను గొణిగాడు. "ముసల్దానికి సోకులు తక్కువ లేవు."

"నీ సోకులు సెప్పాల్నా?" అంది గంగి వెనక్కి తిరక్కుండానే.

వాకిలంతా నవ్వులే. నేనైతే ఓ పెద్ద చిక్కుముడి విప్పినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అయస్కాంతాలు తీసేస్తే అయిపోయింది కదా అనుకున్నాను. అయిపోలేదు.

మౌనిక పిన్నులు పెట్టి చూసింది. ఆ జుట్టు పిన్నులకు ఆగలేదు. ముసుగుకు కుట్టుకుందామంటే అది జుట్టుకు ఉండాల్సిందట, గుడ్డకు కాదు. మిషను కుడిచెవికే కదా, ఎడమవైపు టోప్లి ఒక్కదాన్నే పెట్టుకొమ్మని నేనన్నాను. ముసలివాళ్ళందరూ నన్ను తిట్టినంత పనిచేశారు. రెండూ లేకపోతే మొగుడు లేడని అనుకుంటారు, ఒకటే ఉంటే ఇంకా అపశకునమట. బోసి చెంపలతో పందిట్లోకి వెళ్ళి పెళ్ళికూతురి మెడ పట్టుకుంటే ఘనపూర్ చుట్టాలేమనుకోవాలి? చాందీకి ఏదైనా జరిగితే ఆ మాట ఎవరి మీద పడుతుంది?

నేను మళ్ళీ మహీధర్‌కు ఫోన్ చేశాను. ఆ ఫోన్ సంగతిని మిషనులో ఆపెయ్యలేవా అని. "రెండు నిమిషాల పనండీ. కానీ తాళం మస్కట్‌లో ఉంది. వాళ్ళు విప్పకుండా నేను ముట్టుకుంటే నాకు మాట వస్తుంది, మీకు వారంటీ పోతుంది" అన్నాడు. వారంటీ పోతే పోనీ అన్నాను. "పోనిచ్చినా తాళం రాదు కదండీ" అన్నాడు. మస్కట్ దుకాణం వాళ్ళు మళ్ళీ అదే మర్యాదతో తీసుకురండి అన్నారు. మౌనిక తీసుకుపోతే మళ్ళీ సెలవు దొరికేదాకా గంగికి చెవి లేదు. ఇంత చిన్న పని జనగామలో చేతికందేంత దూరంలో ఉండి కూడా కాకపోవడం చూసి మొదటిసారి నాకు ఆ కాగితం మీద కోపం వచ్చింది. తీసి చింపుదామనుకున్నాను. అలవాటు కొద్దీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

గంగి ఎవరితోనూ వాదించలేదు. టోప్లీలు తీసుకుని అయస్కాంతాలతో సహా మళ్ళీ తలకు పెట్టుకుంది. మిషను తీసి డబ్బాలో పెట్టి మౌనిక చేతికిచ్చింది. "నాకు పాట ఇనపడకున్నా సరే. మీ తాత ఉన్నడని నలుగురికి కనపడాలె" అంది. తనకు వినబడదు కాబట్టి ఆ మాట గట్టిగానే అంది. చాందీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. రాంజీ గోడకు ఆనుకుని నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పైపులు దింపి ఇంటికొచ్చాను. ఆ పూట కల్పన ఏం వండిందో కూడా నాకు తెలియదు.

మరునాడు పొద్దున్నే రాంజీ మా టెంట్‌హౌస్‌కు నడుచుకుంటూ వచ్చాడు. ఒంటరిగా రావడం ఎప్పుడూ చూడలేదు.

"దేవేందరు, ఆడోళ్ళు కూసునే కాడ నాకో కుర్చీ ఎయ్యి."

"ఆడోళ్ళ కాడనా? నీకెందుకు తాతా?"

"ఎయ్యరాదు."

అంతే. వెళ్ళిపోయాడు. ఢావ్లో దగ్గర మగవాళ్ళు కూర్చోరు. పిల్ల వచ్చి మెడ పట్టుకున్నప్పుడు ఏడ్చి పక్కకు పోతారు. ఎందుకడిగాడో అర్థం కాక నాకు పనిమీద మనసు నిలవలేదు. ఇంటికొచ్చి అడిగితే కల్పన, "అన్ని తెలుసుకుంటే మైకు ఎవ్వరు పెట్టాలె, ముందు కుర్చీ ఎయ్యిపో" అంది. వేశాను.

పెళ్ళైంది. భోజనాలైనాయి. ఎండ తిరిగేవేళకు పిల్లను సాగనంపడం మొదలైంది. నేను డీజే బందు చేసి ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాను. జేబులో ఫోన్, ఫోన్లో పాట సిద్ధంగా ఉన్నాయి.

గంగి పందిట్లోకి వచ్చింది. చెంపలు బోసిగా ఉన్నాయి. ముసుగు కూడా వెనక్కి వేసుకుంది. ఆ పలుచటి తెల్లజుట్టు, కుడిచెవి వెనక చిక్కుడుగింజంత మిషను అందరికీ కనబడుతున్నాయి. ఘనపూర్ నుంచి వచ్చిన పెద్దావిడ పక్కావిడను వంగి అడిగింది. "ఈమె పెనిమిటి ఎప్పుడు పోయిండు?"

గంగికి అది వినబడింది. ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది.

రాంజీ వచ్చి గంగి పక్కన నేను వేసిన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త తలపాగా చుట్టుకున్నాడు. ఆడవాళ్ళందరి మధ్య ఒక్కడే మగమనిషి. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, అయినా లేవలేదు. ఘనపూర్ ఆవిడ వైపు తిరిగి, అంతమందిలో, నేను ఎన్నడూ విననంత గొంతుతో అన్నాడు.

"యాడికి పోలే. ఈడనే ఉన్న. టోప్లి ఉంటే ఆమెకు ఇనపడదు, అందుకే నేనొచ్చి కూసున్న. పిల్ల పోయేదాంక ఈ కుర్చీలనే ఉంట. ఇగ అనుమానం ఉన్నోళ్ళు సూసుకోండి."

ఘనపూర్ ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను ఫోన్‌ను జేబులో ఇంకా లోపలికి తోశాను.

చాందీ వచ్చింది. ముందు తల్లిని, తర్వాత తండ్రిని పట్టుకుంది. తరవాత గంగి మెడ చుట్టూ చేతులు వేసి పాట ఎత్తుకుంది. వాళ్ళ భాష నాకు సగమే తెలుసు. నన్ను ఎత్తుకుని తిప్పిన చేతులు రేపటినుంచి ఎవరిని ఎత్తుకుంటాయి, నేను కూర్చున్న నీ ఒడిలో ఏం పెట్టుకుంటావు అని అడుగుతోంది. మూడో చరణంలో తడబడింది. పాఠం సగంలో ఆగిన చోటు అదేనేమో. గంగి కళ్ళు మూసుకునే, పిల్ల చెవి దగ్గర ఆ చరణం అందించింది. చాందీ అందుకుంది. ఇంకోచోట తప్పింది, గంగి తల అడ్డంగా ఊపి మళ్ళీ పాడించింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, దిద్దడమూ ఆగలేదు. పందిట్లో ఉన్న పెళ్ళికాని పిల్లలు ఫోన్లు దించేసి దగ్గరికి జరిగారు.

అప్పుడు రాంజీకి ఏడుపు వచ్చింది. మామూలుగా కాదు. ఎన్నేళ్ళుగానో ఇంట్లో మాట్లాడకుండా దాచుకున్న గొంతంతా ఒక్కసారి వచ్చేసింది. తలపాగా కొస నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. చాందీ పాట ఆ ఏడుపు కింద మునిగిపోయింది.

గంగి ఒక చేత్తో పిల్లను పొదువుకునే ఉంది. రెండో చెయ్యి చాపి ఆయన మోకాలి మీద వేసింది.

"జర సప్పుడు జెయ్యకు" అంది. "పిల్ల పాట ఇననియ్యి."